పోలికలు పోయిన రాజ్యం

పూర్వం చంపకగిరి రాజ్యంలో ఒక ఉదయం ప్రజల నాలుకల మీది పోలికలన్నీ మాయమైపోయాయి. బిడ్డను చందమామతో పోల్చబోయిన తల్లులకు మాట రాలేదు. జోలపాటలు ఆగిపోయాయి. అయినవారిని పోగొట్టుకున్నవారికి ఏడుపు లోపలే ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే చెంగల్వ అనే అమ్మాయి తమ్ముడు ఏట్లో మునిగి పోయాడు. తల్లి మంచం పట్టింది.

"వాడు ఎట్లా ఉండేవాడో చెప్పుకోలేకపోతున్నానే తల్లీ. చెప్పుకుంటే గాని ఈ బరువు దిగదు" అంది తల్లి.

అన్నం ముట్టని తల్లిని చూసి, చెంగల్వ పోలికలను వెతుక్కుంటూ అడవికి బయలుదేరింది.

దారిలో ఒక ముని కనిపించాడు. "అమ్మాయీ, మీ పోలికలను కరాళుడనే రాక్షసుడు గుహలో బంధించాడు. ఈ అడవిలో ఉన్నది ఉన్నట్టే చెప్పు. భయపడి పెంచి చెప్పావంటే, అది నిజంగానే పెరుగుతుంది" అన్నాడు.

కొంతదూరం పోగానే పాము పడగ విప్పింది. చెంగల్వ దాన్ని పరికించి చూసి, "ఇది మూరెడు పాము" అంది. పాము పొదలోకి జారుకుంది.

లోయ దగ్గర ఒక పెద్ద పక్షి అడ్డగించింది. "నన్ను పొగుడు, దాటిస్తాను."

"నీ రెక్క విరిగి అతుక్కుంది. అయినా ఎగురుతున్నావు" అంది చెంగల్వ. పక్షి ఆ రెక్కను ముడుచుకుంది. తరవాత వీపు వంచి, ఆమెను లోయ దాటించింది.

గుహ ముందు కరాళుడు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు.

"పోలికలు ఎందుకు తీసుకుపోయావయ్యా?"

"నా కూతురు పోయింది. మీ ఊళ్లో ప్రతి బిడ్డకూ ఒక పువ్వో చుక్కో దొరికేది. నా బిడ్డను రాక్షసిపిల్ల అన్నారే గాని, ఒక్కరూ దేనితోనూ పోల్చలేదు."

చెంగల్వ అతని పక్కన కూర్చుంది. "పాప పేరేమిటి?"

"కువలయ. నా వేలు పట్టుకునే నిద్రపోయేది."

"ఎట్లా నవ్వేది?"

రాక్షసుడు తన వేలు చూసుకున్నాడు. బంధించినవాడు తానే కనుక, పోలిక చెప్పే మాట అతనికే దక్కింది. "ఎండిన నేల మీద తొలివాన పడినట్టు నవ్వేదమ్మా" అని భోరున ఏడ్చాడు.

గుహ తలుపు ఊడిపడింది. పోలికలన్నీ చిలకల గుంపులా ఊరివైపు ఎగిరిపోయాయి.

చెంగల్వ ఇల్లు చేరేసరికి తల్లి మంచం మీద లేచి కూర్చుంది. "చలికాలంలో కుంపటిలా ఉండేవాడే నా కొడుకు" అంటూ కూతురి ఒళ్లో తలపెట్టి కరువుదీరా ఏడ్చింది. మర్నాడు గంజి తాగింది.

ఈ సంగతి విని, సంతానం లేని రాజు చెంగల్వకే పట్టం కట్టాడు. రాణిగా ఆమె మొదట ఒక కొత్త జోలపాట కట్టింది. ఈనాటికీ ఆ దేశపు తల్లులు, "తొలివానా, కువలయా, నిదురపోవే" అని పాడుతుంటే, అడవి అంచున ఎవరో వచ్చి, పాట అయ్యేదాకా కదలకుండా నిలబడతారట.