తోక తెగుతోంది

రేడియో ఇంజనీరు కుర్చీలోనే చనిపోయాడు. బల్లమీద నాలుగు రకాల వాకీటాకీలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. కప్పులో సగం టీ మిగిలి ఉంది. ల్యాబ్ రిపోర్టు ప్రకారం ఆ టీలో చక్కెర కంటే విషమే ఎక్కువ. చొక్కా జేబులో ఒక చీటీ దొరికింది. దానిమీద రెండే మాటలు.

“తోక తెగుతోంది.”

చీఫ్ ఆ చీటీని ఏజెంట్ పిచ్చుక ముందుకు తోశాడు.

“మూడు రోజులుగా డీకోడింగ్ సెక్షన్ మొత్తం దీనిమీదే కూర్చుంది.”

“ఏం తేలింది సార్?”

“తోక అంటే మన వెనక నీడలా వచ్చే మనిషి కావచ్చు. విమానం తోక కావచ్చు. తోకచుక్క కూడా కావచ్చు.”

“అంటే ఏమీ తేలలేదు.”

“నీతో వచ్చిన చిక్కే ఇది,” అన్నాడు చీఫ్.

పిచ్చుక అనేది ఆమె కోడ్ నేమ్. నలభై రెండేళ్ళు, చిన్న మనిషి, ఎవరూ రెండోసారి చూడని ముఖం. ఆ ముఖంతోనే పదిహేనేళ్ళలో నర్సుగా, టైపిస్టుగా, హోటల్లో గదులు సర్దే మనిషిగా ఆరు దేశాల్లో పనిచేసింది. ఏడో దేశానికి పాస్‌పోర్టు తయారవుతోందని నమ్మి పెట్టె కూడా సర్దుకుని వచ్చింది.

“రాడార్ స్టేషన్ కొండమీద ఉంది,” అంటూ చీఫ్ మ్యాప్ తెరిచాడు. “దానికి ఒకటే కరెంటు లైను. స్టాండ్‌బై జనరేటర్ మూడు నెలలుగా పనిచెయ్యట్లేదు. విడిభాగాలు రావాలి.”

“ఎప్పటికి వస్తాయి?”

“రావాలి అన్నాగా. ఆ లైను చూసుకునేది నలుగురున్న చిన్న గ్యాంగు. చుట్టూ అడవి, లోయలు. సెల్ సిగ్నల్ లేదు. వాళ్ళకి వాకీటాకీలు ఎంపిక చేస్తుండగా ఇంజనీరు పోయాడు. రేపటినుంచి నువ్వు స్టోర్స్ క్లర్కువి. ఆ ఫైలు నీది.”

“వాకీటాకీలు కొనడానికా సార్ నన్ను పిలిచింది?”

“విదేశీ ముఠా వాటికోసం ఒక మనిషిని చంపింది. ఎందుకో కనుక్కో. ఇంకో మాట. ఆ కమిటీలో ఒక కన్సల్టెంట్ మేడమ్ ఉంటుంది. ముఠాలో ఉంటూ మనకి సమాచారం ఇచ్చే మనిషి. ఆవిడ జోలికి వెళ్ళకు.”

ఎక్విప్‌మెంట్ సెక్షన్ వాళ్ళు ఆమెకి కెమెరా ఉన్న పెన్ను ఇచ్చారు. అందులో బ్యాటరీ లేదు. బ్యాటరీకి వేరే ఇండెంటు పెట్టాలట.

* * *

చనిపోయిన మనిషి కుర్చీలో కూర్చుని పిచ్చుక ఫైలు మొత్తం చదివింది. ఇంజనీరుది గుండ్రటి, ఓపికైన చేతిరాత.

మొదటి రకం, లైసెన్సు అక్కర్లేని చిన్న సెట్లు. డబ్బామీద ముప్పై కిలోమీటర్లు అని ఉంది. ‘మధ్యలో చెట్టూ గుట్టా లేకపోతేనే. మా లోయలో ఒకటిన్నర కిలోమీటరు’ అని ఆయన పక్కన రాశాడు. ప్రైవసీ కోడ్ అనే మాట కింద గీత గీసి, ‘ఇది మనకి పక్కవాళ్ళ మాటలు వినపడకుండా చేస్తుందంతే. మన మాటలు వాళ్ళు హాయిగా వినొచ్చు’ అని రాశాడు. శాటిలైట్ సెట్టు గురించి, ‘ఆకాశం కనపడాలి. చెట్ల కింద మూగది’ అన్నాడు. వీహెచ్ఎఫ్ సెట్లు, వాటి మాట అందుకుని దూరానికి పంపే రిపీటరు ఒకటి గుట్టమీద పెట్టే పద్ధతికి మాత్రం టిక్కు పెట్టాడు. ‘పాత రకం. బరువు. గ్లౌజుతో కూడా బటన్ నొక్కొచ్చు. ఇది చాలు.’

నాలుగోది కన్సల్టెంట్ మేడమ్ తెచ్చిన డిజిటల్ సెట్టు. దాని పక్కన ప్రశ్న గుర్తు ఒకటే ఉంది. పెన్ను కాగితాన్ని చించేంత గట్టిగా పెట్టిన గుర్తు.

మర్నాడు కమిటీ కూర్చుంది. పిచ్చుక వీహెచ్ఎఫ్ అంది.

“ఈ రోజుల్లో కూడానా?” అన్నాడు చైర్మన్.

“రిపీటర్ కోసం గుట్ట ఎవరు ఎక్కుతారు?” అన్నాడు మెంబరు.

“నలుపు రంగు ఒకటే ఉందా?” అన్నాడు ఇంకో మెంబరు.

అప్పుడు మేడమ్ లోపలికి వచ్చింది. లేత బూడిద రంగు సూటు, మోకాళ్ళదాకా బూట్లు, గాలి తగలని గదిలో కూడా గాలికి ఎగిరినట్టుండే జుట్టు. డిజిటల్ సెట్టుని రెండు వేళ్ళతో ఎత్తి చూపించింది. పూర్తి ఎన్‌క్రిప్షన్, రిపీటరూ అందులోనే కలిసి వస్తుంది అంది. కమిటీ మొత్తం సెట్టుని చూడటం మానేసి వేళ్ళని చూసింది. నాలుగు నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. ఇప్పటిదాకా కరెంటు ఇవ్వాలన్నా ఆపాలన్నా గ్యాంగు మేస్త్రి సంతకం పెట్టిన చీటీ కంట్రోల్ రూముకి చేరాలి. కొత్త సెట్లు వచ్చాయి గనక ఆ చీటీ కూడా రద్దు చేశారు.

పిచ్చుక అసమ్మతి నోట్ రాసింది. నోట్‌కి మార్జిన్ వదల్లేదని గుమాస్తా తిప్పి పంపాడు.

ఆ మధ్యాహ్నమే గ్యాంగుకి ట్రైనింగు. మేడమ్ బోర్డుమీద మూడు రూల్స్ రాసింది. ఒకటి, వరసలు పెట్టి పిలుచుకోకూడదు, కాల్ సైన్ మాత్రమే వాడాలి. రెండు, చివర ‘ఓవర్’ అనకూడదు, డిజిటల్ సెట్లకి అది అనవసరం. మూడు, కారణాలు చెప్పకూడదు, ఒక మెసేజ్‌లో ఒకే మాట. అవతలివాళ్ళు ‘కాపీ’ అంటే చాలు.

మేస్త్రి చెయ్యెత్తాడు. చెయ్యి కిరోసిన్‌తో కడుక్కొచ్చినట్టు ఎర్రగా ఉంది.

“కంట్రోల్ రూములో ఉండేది మా అక్క మొగుడండీ. ఇరవై రెండేళ్ళుగా నా ప్రతి మాట చివరా ‘బావా’ అంటూనే ఉన్నా. ఇప్పుడు ‘బేస్’ అని పిలవమంటే నాలుక తిరగదు.”

“తిప్పండి,” అంది మేడమ్ తియ్యగా.

“రేపొద్దున మా అక్కని ఏమని పిలవాలో కూడా ఆ బోర్డుమీదే రాసెయ్యండి మరి.”

గ్యాంగు పగలబడి నవ్వింది. మేడమ్ నవ్వలేదు. బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి, మూత తిప్పి, పెదాలకి తాకించి లోపల పెట్టేసింది. అద్దం చూసుకోలేదు. పెదాల రంగు కూడా మారలేదు. పిచ్చుక దాన్ని గమనించింది గానీ ఏం చేసుకోవాలో తెలియలేదు. కాగితం మీద పెట్టి చీఫ్‌కి పంపితే, ‘ఆవిడ మన మనిషి. నీ అసూయ నీ దగ్గరే ఉంచుకో’ అని జవాబొచ్చింది.

* * *

ఫీల్డ్ ట్రయల్ రోజు పదకొండు గంటలకి గాలి జోరుగా వీస్తోంది. టవర్ మీద పగిలిన పింగాణీ ఇన్సులేటర్ మారుస్తూ మేస్త్రి, ఇంకో ఇద్దరు. కింద పిచ్చుక, మేడమ్, గ్యాంగులో నాలుగోవాడు బక్కోడు. వాడు నిజంగా బక్కగా ఉండేది పదేళ్ళ కిందట. కంట్రోల్ రూము పన్నెండు కిలోమీటర్ల దిగువన ఉంది. రిపేరు అయ్యేదాకా రాడార్ బ్యాటరీల మీద నడుస్తోంది. పదకొండున్నరకి బావ బ్రేకర్ వేసి లైనుకి సప్లై ఇవ్వాలి. అప్పటికి గ్యాంగు, తీగల్ని భూమికి కలిపిన ఎర్త్ రాడ్లు తీసేసి కిందికి దిగి ఉండాలి. రాడ్లు ఉండగా సప్లై వస్తే టవర్ మీదున్న ముగ్గురూ మాడిపోతారు, ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోతుంది, రాడార్ నెలరోజులు గుడ్డిదవుతుంది.

పదకొండూ ఇరవై ఆరుకి మేస్త్రి పైనుంచి అరిచాడు.

“ఇంకో ఇన్సులేటర్ పగిలి ఉంది! నిన్న సాయంత్రం నేనే చూశా, శుభ్రంగా ఉంది. ఎవడు కొట్టాడో! ఇంకో అరగంట పడుతుంది!”

“బేస్‌కి చెప్పండి,” అంది మేడమ్. “ఒకే మాట. కారణాలు వద్దు.”

బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది.

మేస్త్రి విసుగ్గా ఛాతీమీది సెట్టు నొక్కాడు. పిచ్చుక చేతిలో ట్రయల్ రిపోర్టు కోసం ఇచ్చిన ఐదో సెట్టు ఉంది. ఒక చెవికి గాలిలోంచి మేస్త్రి గొంతు నేరుగా వినపడింది.

“బేస్, టీమ్ వన్. పదకొండున్నరకి సప్లై ఇచ్చెయ్యకు.”

రెండో చెవికి సెట్టులోంచి అదే గొంతు వినపడింది.

“బేస్, టీమ్ వన్. పదకొండున్నరకి సప్లై ఇచ్చెయ్.”

“కాపీ, టీమ్ వ...” అన్నాడు బావ కంట్రోల్ రూమునుంచి.

“మళ్ళీ తోక తెగింది,” అన్నాడు బక్కోడు, పురికొస చుట్టుకుంటూ.

పిచ్చుక గిర్రున తిరిగింది. “ఏం తెగింది?”

“తోకండీ. మాట చివర ముక్క. బటన్ ముందే వదిలేస్తే తెగుతుంది. కానీ ఈ సెట్లలో నొక్కి పట్టుకున్నా తెగుతోంది. మొన్న ఇంజనీరుగారు, ఈ మేడమ్ వీటిని పరీక్షించడానికి వచ్చినప్పుడూ ఇంతే. ఆయన చీటీమీద రాసుకున్నారు కూడా.”

మూడు రోజులు, పదకొండుమంది డీకోడర్లు, రెండు కంప్యూటర్లు. బక్కోడిని ఒక్క మాట అడిగినవాడు లేడు.

పిచ్చుక మేడమ్ వైపు చూసింది. మేడమ్ చేతిలో ఇప్పుడు లిప్‌స్టిక్‌తో పాటు చిన్న పిస్తోలు కూడా ఉంది.

“మీ భాష నేర్చుకోవడానికి ఆరేళ్ళు పట్టింది,” అంది మేడమ్. “చెయ్యాల్సిన పని వాక్యం చివర చెప్తారు. చెయ్యొద్దన్న సంగతి దానికీ చివర చెప్తారు. అంత ముఖ్యమైనదాన్ని ఎవరైనా అంత చివర పెట్టుకుంటారా? ఈ లిప్‌స్టిక్ మూత తిప్పితే మీ సెట్లు ఆ చివరి అర సెకను కోసేస్తాయి.”

లిప్‌స్టిక్‌ని లోయలోకి విసిరేసింది. టైము పదకొండూ ఇరవై తొమ్మిది.

పిచ్చుకకి అరవై సెకన్లు ఉన్నాయి, బ్యాటరీ లేని పెన్ను ఉంది, ఎందుకూ పనికిరాని సెట్టు ఉంది. సెట్టుని పిడికిట్లో బిగించి మేడమ్ మణికట్టుమీద బలంగా కొట్టింది. పిస్తోలు రాళ్ళలోకి ఎగిరిపడింది. సెట్టు రెండు ముక్కలైంది. ఆ ట్రయల్‌లో అది పనికొచ్చింది ఆ ఒక్కసారే.

“మేస్త్రిగారూ!” ఆమె గొంతు చించుకుని అరిచింది. “ఇంకోసారి చెప్పండి! చివర ‘బావా’ అనండి!”

“ఏంటండీ?”

“బావా! బావా అనండి!”

“అనొద్దనేగా రూలు పెట్టారు! పొద్దున్నుంచీ నోరు కట్టేసుకుని చస్తున్నా!”

“ఆ రూలు పెట్టింది మిమ్మల్ని చంపడానికి! అనండయ్యా బాబూ!”

మేస్త్రి సెట్టు బటన్ నొక్కాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు గొంతులోంచి తన్నుకొచ్చింది.

“సప్లై ఇచ్చెయ్యకు బావా!”

గాలి తప్ప ఏ చప్పుడూ లేదు. టవర్ మీద ముగ్గురూ తీగల మధ్య కదలకుండా ఉన్నారు. బక్కోడు కళ్ళు మూసుకున్నాడు. పిచ్చుక గడియారం ముప్పై దాటింది. ఒక సెకను. రెండు. మూడు.

మేస్త్రి ఛాతీమీద సెట్టు గరగరలాడింది.

“ఏరా, బుర్ర ఉందా నీకు? ఇందాక ఇచ్చెయ్ అన్నావు, ఇప్పుడు ఇచ్చెయ్యకు అంటున్నావు. నా చెయ్యి హ్యాండిల్ మీద...”

ఆ మాట తోక కూడా తెగింది.

“తియ్యి ఆ చెయ్యి బావా! పైన నేనున్నాను బావా! అక్కకి ఏం చెప్పుకుంటావు బావా!” మేస్త్రి ఏడుస్తున్నాడో తిడుతున్నాడో కిందివాళ్ళకి తెలియలేదు. ప్రతి వాక్యం చివరా ఒక బావ తెగిపోయాడు. మిగతాదంతా క్షేమంగా చేరింది.

మేడమ్ అప్పటికే జీపు ఎక్కింది. మలుపు దాకానే వెళ్ళగలిగింది. ఉన్న ఒక్క దారికీ అడ్డంగా గ్యాంగు లారీ నిలిపి ఉంది. దాని డ్రైవరు రోజూ చేసే పనే ఆ రోజూ చేశాడు. తాళం జేబులో వేసుకుని, ఏ చెట్టు కిందో చెప్పకుండా నిద్రపోయాడు. చీఫ్ పంపిన బ్యాకప్ టీమ్ రెండు గంటల తర్వాత వచ్చింది. అప్పటికి పురికొసతో కట్టేసిన మేడమ్‌కి బక్కోడు మంచినీళ్ళు కూడా పట్టించాడు.

సాయంత్రం ముఠా విమానం ఒకటి సరిహద్దు దాకా వచ్చింది. రాడార్ కళ్ళు తెరుచుకునే ఉందని తెలిసి వెనక్కి తిరిగిపోయింది.

* * *

“ఆవిడ మన మనిషే అన్నారు సార్,” అంది పిచ్చుక.

చీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. “జనరేటర్ విడిభాగాలు బయల్దేరాయట,” అన్నాడు.

ఆమె స్టోర్స్ కుర్చీలో చివరిసారిగా కూర్చుని ఎంపిక పత్రం మళ్ళీ నింపింది. ఇంజనీరు పెట్టిన టిక్కు పక్కనే తనూ ఒక టిక్కు పెట్టింది. వీహెచ్ఎఫ్ సెట్లు, గుట్టమీద రిపీటరు, మేస్త్రి సంతకంతో పాత చీటీ. ఈసారి మార్జిన్ వదిలింది. ‘ప్రత్యేక అవసరాలు’ అన్న గడిలో కాసేపు ఆలోచించి, ‘ప్రతి మెసేజ్ చివర బావా తప్పనిసరి’ అని రాసింది.

ఫైలు మూడో రోజు కమిటీనుంచి తిరిగొచ్చింది. గడి పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్న ఉంది.

‘బావ ఏ ఫ్రీక్వెన్సీలో దొరుకుతాడో, గ్యారంటీ ఎన్నేళ్ళో తెలియజేయగలరు.’