పిడికిట్లో బొడ్డు తాయెత్తు

గది నేలంతా నెత్తురే. అందులో కొంత చచ్చిపడి ఉన్న డాక్టరుది. మిగతాది ఎక్కడెక్కడో తల్లుల ఒళ్లలో పాలు తాగుతున్న పసిపిల్లలది.

ఆ సంగతి ఇన్‌స్పెక్టర్ ఈదయ్యకు వెంటనే తెలియలేదు. ఒక్క మనిషి ఒంట్లోంచి ఇంత నెత్తురు ఎలా వచ్చిందా అని గుమ్మంలోనే నిలబడిపోయాడు. కత్తిపోట్లు, రైలు కింద పడ్డ శవాలు, అన్నీ చూసినవాడే. అయినా ఇంత నెత్తురు ఎప్పుడూ చూడలేదు.

1996 జూన్. పొద్దున పదకొండున్నర. అశోక్‌నగర్‌లో ఒక మేడ. కింద గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్ల హాస్టల్. పైన రెండు గదుల ల్యాబ్. డాక్టర్ భాగ్యశ్రీ శవం పెద్ద గదిలో బోర్లా పడి ఉంది. ఆమె నారాయణగూడలో ఒక కాన్పుల ఆసుపత్రిలో పిల్లల డాక్టరు. తల వెనక భాగం నుజ్జయింది. పక్కనే ల్యాబ్ స్టాండు నుంచి ఊడదీసిన ఇనుప కడ్డీ. దానికి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. వేలిముద్రలు మాత్రం శుభ్రంగా తుడిచేశారు.

ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి గాజు ట్యూబులన్నీ నేలకేసి కొట్టి, తొక్కి మరీ పగలగొట్టారు.

శవాన్ని మొదట చూసింది ఆమె అసిస్టెంట్ తరుణ్. పాతికేళ్ల కుర్రాడు, కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా. అంతా వివరంగా చెప్పాడు. కాన్పయి బొడ్డు కోశాక, మాయ వైపు తాడులో మిగిలిపోయే నెత్తుర్ని డాక్టరు ట్యూబుల్లో పట్టేదట. బిడ్డను సూదితో గుచ్చే పనే లేదట. ఆ నెత్తుట్లో సీసం ఎంత ఉందో చూసేదట. ముషీరాబాద్‌లో పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటుంది. దాని పక్క బస్తీలో పుట్టిన పిల్లల మీదే ఆమె పరిశోధన.

"అంటే ఈ నేల మీద ఉన్నది..."

"ఆ పిల్లల రక్తం సార్."

ఈదయ్య తన బూట్ల కేసి చూసుకుని, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవరి మీదైనా అనుమానమా?"

"మాసయ్య అని పాలమూరు కూలీ, సార్. ఆ షెడ్డులోనే పని. నెల కింద వాడి కొడుకు పుట్టి చనిపోయాడు. నా కొడుకు నెత్తురు తాగినవని ఆసుపత్రిలో మేడం మీదికి పోయాడు. అందరూ చూశారు."

"నువ్వా బస్తీకి వెళ్తుంటావా?"

"ఎప్పుడూ పోలేదు సార్. నా పని ల్యాబ్ వరకే."

కానిస్టేబుల్ శవాన్ని మెల్లగా తిప్పాడు. కుడి పిడికిలి మూసి ఉంది. ఈదయ్య వేళ్లు విడదీశాడు. చిటికెన వేలంత కూడా లేని వెండి తాయెత్తు. తెగిన నల్లదారం దానికే వేలాడుతోంది. పసిపిల్లల మొలకు కట్టే బొడ్డు తాయెత్తు అది. ఎండి రాలిన బొడ్డును అందులో పెట్టి కడితే బిడ్డకు ఏ గాలీ సోకదని ఊళ్లలో నమ్మకం.

పెనుగులాటలో హంతకుడి ఒంటి మీది నుంచి లాక్కుందన్నమాట. చనిపోయిన కొడుకు గుర్తుగా మాసయ్య మెడలో వేసుకున్నాడన్నమాట. కేసు అప్పుడే తేలిపోయినట్టుంది. ఇంత సులువుగా తేలే కేసులంటే ఈదయ్యకు మొదటినుంచీ ఒళ్లు మంట.

అంతలో వీధిలో కేకలు.

చిక్కడపల్లి వైపు మలుపులో పదిమంది ఒకడిని కిందపడేసి తంతున్నారు. వాడి చొక్కా నిండా నెత్తురు. ఒకడు ఇటుకతో వాడి చేతి వేళ్ల మీద మోదుతున్నాడు. హాస్టల్ కుర్రాళ్లు గోడ మీద కూర్చుని, హంతకుడు ఎవరన్నది బిట్ పేపర్ జవాబులా తేల్చేసుకుంటున్నారు. ఆపుదామన్న వాడు ఒక్కడూ లేడు.

ఈదయ్య లాఠీ మాట్లాడింది. ఇటుక పట్టిన వాడి మోచెయ్యి ఫట్‌మంది. మిగతావాళ్లు తప్పుకున్నారు. కింద ఉన్నది మాసయ్య. ముక్కు విరిగింది, రెండు పళ్లు రాలాయి, కుడి చెయ్యి ముద్దయింది. అయినా మూలగడం లేదు.

తన్నిన వాళ్లెవరని విచారిస్తే బ్యాటరీ షెడ్డు మనుషులని తేలింది. షెడ్డు యజమాని బబ్లూ సేఠ్ పంపాడట. ముషీరాబాద్ నుంచి ట్రాలీ ఆటోలో వచ్చారు. తరుణ్ పోలీసులకు ఫోన్ చేసి ఇరవై నిమిషాలు కాలేదు. శవం సంగతి వీళ్లకు అంతలోనే ఎవరు చెప్పారు? ఈదయ్య ఆ ప్రశ్నను మనసులో పెట్టుకుని, మాసయ్యను జీపెక్కించాడు.

ఆసుపత్రిలో కట్లు కట్టించి చిక్కడపల్లి స్టేషన్‌కు తెచ్చాక కూడా మాసయ్య అడిగినదానికి మించి ఒక్క మాటా ఆడలేదు. చొక్కాకు నెత్తురెలా అంటిందంటే, పడిపోయిన డాక్టరమ్మను ఒళ్లోకి తీసుకున్నానన్నాడు. ఎవరు కొట్టారో చూడలేదన్నాడు, మనుషుల్ని పిలుద్దామని వీధిలోకి వస్తే షెడ్డు వాళ్లు పట్టుకున్నారన్నాడు. షెడ్డు మీద సాక్ష్యం చెప్పాలని ఆమే తనను రమ్మందన్నాడు.

"నువ్వే చంపావంటున్నారు."

"అనుకోనియ్యుండ్రి సారు."

"ఉరి పడుతుంది. తెలుసా?"

"తియ్యుండ్రి. నాకదే కావాలె."

ఈదయ్యకు కోపం నషాళానికి అంటింది. చెంప పగలగొడదామని చెయ్యెత్తాడు కూడా. ఆ కళ్లు చూసి దించేశాడు. సొంత జిల్లా మనిషి. మహబూబ్‌నగర్ బస్సు దిగి, తట్ట పట్టుకుని అడ్డా మీద నిలబడే ఇలాంటి వాళ్ల మధ్యే ఈదయ్య మేనమామలూ బతికారు. కుర్చీ లాగి పక్కన కూర్చుని, ఊరి మాటలోకి దిగాడు.

అప్పుడు చెప్పాడు మాసయ్య. మొదట్లో డాక్టరమ్మ మీదికి పోయిన మాట నిజమే. మొన్న ఆమె కూర్చోబెట్టి అంతా వివరించింది. బట్టీ దగ్గరి సీసం దుమ్ము అతని బట్టల మీద ఇంటికొచ్చింది. కడుపుతో ఉన్న భార్య కురుమమ్మ ఆ బట్టల్ని దులిపింది, ఉతికింది. తల్లి నెత్తుట్లోంచి బిడ్డ నెత్తుట్లోకి పాకింది. పిల్లవాడు పుట్టిన మూడో రోజుకు ఫిట్స్ వచ్చి, నీలంగా కమిలి చనిపోయాడు.

"నేనే మోసుకచ్చిన సారు, నా చేతులారా. కురుమమ్మకు ఇంక చెప్పలే. ఏ మొఖం బెట్టుకోని చెప్పాలె? ఈ కేసులనే నన్ను సావనియ్యుండ్రి."

చావాలనుకునే వాడిని బతికించడం ఎలాగో ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు.

స్టేషన్ మెట్ల మీద కురుమమ్మ కూర్చుని ఉంది. బాలింత, తలకు గుడ్డ కట్టుకుంది. ఈదయ్య తాయెత్తు చూపించి, మీ పిల్లవాడిదేనా అని అడిగాడు. ఆమె ముట్టుకోకుండానే తలూపింది, కాదని.

"మావోడు మూడొద్దులకే పాయె సారు. బొడ్డు ఊడనేలేదు. ఊడితే గద తాయెత్తు?"

ఈదయ్య నెత్తి కొట్టుకున్నాడు. మొలకు తాయెత్తుతో పెరిగిన తనకు తట్టొద్దా ఈ మాట? బొడ్డు ఎండి రాలడానికి వారం పైనే పడుతుంది. అంతకుముందే మట్టిలో కలిసిన బిడ్డకు తాయెత్తు ఎక్కడిది? ఆచారం సగమే తెలిసిన వాడెవడో వేరే బిడ్డ తాయెత్తును శవం పిడికిట్లో ఇరికించాడు.

వెంటనే బస్తీకి బయలుదేరాడు. అక్కడ మొలతాళ్లున్న పిల్లలందరినీ చూశాడు. నర్సింహమ్మ అనే ఆమె ఒళ్లోని ఆడపిల్లకు మాత్రం మొల బోడిగా ఉంది. ఐదు నెలలొచ్చినా ఆ పిల్ల మెడ నిలపడం లేదు. తాయెత్తు చూడగానే నర్సింహమ్మ లాక్కున్నంత పని చేసింది. నల్లదారంలో తన చీరకొంగు ఎర్ర పోగు కలిపి పేనిందట. ఆ పోగు స్పష్టంగా కనపడుతూనే ఉంది.

పిల్లల నెత్తుటి ట్యూబుల్ని ఎవరో మారుస్తున్నారని డాక్టరమ్మకు అనుమానం వచ్చిందట. ఎండిన బొడ్డులో కూడా సీసం నిలిచి ఉంటుందట. బిడ్డల బొడ్లు ఇమ్మని తల్లుల్ని బతిమాలింది. అది ఇస్తే బిడ్డకు కీడని అందరూ వెనక్కి తగ్గారు. నర్సింహమ్మ ఒక్కతే సరేనంది.

"ఆమె చేతికే ఇచ్చావా?"

"లే సారు. డాక్టరమ్మ పంపిందని కళ్లద్దాల సారు అచ్చి తీస్కపోయిండు. గదే, తరుణ్ సారు."

నాలుగో రోజు మధ్యాహ్నం ఈదయ్య అందరినీ ల్యాబ్‌లో నిలబెట్టాడు. తరుణ్, బబ్లూ సేఠ్, చేతికి కట్టుతో మాసయ్య, గుమ్మం దగ్గర కురుమమ్మ, నర్సింహమ్మ. నేల కడిగారు కానీ గచ్చు పగుళ్లలో ఎరుపు ఇంకా అలాగే ఉంది.

"తరుణ్, బస్తీకి ఎప్పుడూ పోలేదన్నావు."

"పోలేదు సార్."

"నర్సింహమ్మ నిన్ను గుర్తుపట్టింది."

తరుణ్ కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మాసయ్య కొడుకు మూడో రోజుకే పోయాడు. వాడికి తాయెత్తే లేదు. ప్రతి బస్తీ పిల్లకూ ఒకటుంటుందని అనుకున్నావు. పోనీ, బబ్లూ సేఠ్ నీ అక్క మొగుడని మాకెందుకు చెప్పలేదు? ట్యూబులు మార్చింది నువ్వు. ఆ పొద్దున ఆమె పట్టుకుంది. కొట్టావు. చచ్చాక ట్యూబులన్నీ పగలగొట్టావు. మాసయ్య వస్తాడని ముందే తెలిసి, బావకు ఫోన్ చేసి ఆయన మనుషుల్ని మాసయ్య మీదికి పంపించుకున్నావు. అన్నీ నాశనం చేసి, మిగిలిన ఒక్క రుజువును నీ చేత్తోనే ఆమె పిడికిట్లో పెట్టావు. ఆ బొడ్డు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపాను. పొద్దున రిపోర్టు వచ్చింది. దాని నిండా సీసమే."

తరుణ్ చెయ్యి పక్క బల్ల మీదికి పోయింది. నెత్తుటి పరీక్షకు వాడే నైట్రిక్ యాసిడ్ సీసా. మూత తీసి, గుమ్మంలో ఉన్న ఆడవాళ్ల వైపు విసరబోయాడు.

ఈదయ్య అడ్డంగా దూకాడు. లాఠీ దెబ్బకు సీసా బల్ల అంచుకు తగిలి పగిలింది. యాసిడ్ తరుణ్ రెండు చేతుల మీదా, బబ్లూ తొడ మీదా పడింది. ఈదయ్య మణికట్టు మీద చర్మం పొగలు కక్కింది. కానిస్టేబుళ్లు బకెట్లతో నీళ్లు గుమ్మరించారు. తరుణ్ అరుపులకు హాస్టల్ అంతా మెట్ల మీదికి వచ్చింది.

బబ్లూ తొడ పట్టుకుని నేల మీద దొర్లుతూ అరిచాడు. "ట్యూబులు మార్చమన్న సార్, అంతే. చంపమనలే. గీడే పరేషానై కొట్టిండు."

ఈదయ్య అతని మీదికి వంగాడు. "నీ భార్య కడుపుతో ఉన్నప్పుడు షెడ్డు పక్కన ఇల్లు ఖాళీ చేసి హైదర్‌గూడకు ఎందుకు మారావు?"

బబ్లూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. సీసం కడుపులోని బిడ్డకు ఏం చేస్తుందో అతనికి ముందే తెలుసు. గుమ్మంలో నిలబడ్డ కురుమమ్మ అతన్ని తేరిపార చూసింది.

సాయంత్రం కాకముందే మాసయ్యను వదిలేశారు. అతను స్టేషన్ మెట్ల దగ్గరే కూలబడి, దుమ్ము సంగతి, బట్టల సంగతి, డాక్టరమ్మ చెప్పినదంతా భార్యకు చెప్పేశాడు. కురుమమ్మ విన్నది. విని, రెండు చేతులతో అతని వీపు మీద, భుజాల మీద బాదింది. విరిగిన చేతి మీద కూడా తగిలింది. అతను ఆమెను ఆపలేదు. కొట్టీ కొట్టీ ఆమే అలిసిపోయింది.

"ఆ షెడ్ల పనిజేస్తె గిట్లయితదని నీకు ఎవలన్న జెప్పిండ్రా?"

"లే."

"మరి నువ్వెట్ల సంపుతవ్? ఎర్కుండి సెప్పనోడు సంపిండు."

అతని చొక్కా మెడ పట్టుకుని లేపి, లోపలికి తీసుకొచ్చింది. ఈదయ్య బల్ల ముందు నిలబడింది. డాక్టరమ్మ కేసు రాశారు కదా, నా కొడుకు కేసు కూడా రాయమంది.

ఈదయ్యకు చట్టం తెలుసు. లాయర్లు దీన్ని చింపి పోగులు పెడతారనీ తెలుసు. సీసం పరీక్షకు బిడ్డను మట్టిలోంచి తియ్యాల్సి వస్తుందన్నాడు.

"నేనే జూపిస్త. తియ్యుండ్రి."

ఈదయ్య కాలిన చేత్తోనే కలం తీశాడు. ఫిర్యాదు చేసేవారి పేరు రాశాడు. నిందితుడి పేరు, బబ్లూ అనబడే వెంకటేశ్, రాశాడు. చనిపోయినవారి పేరు దగ్గర ఆగి తలెత్తాడు.

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తొట్లె ఉయ్యాల కూడా కట్టకముందే పోయిన బిడ్డ. పేరు పెట్టే పొద్దు రానే లేదు.

 కురుమమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, తలకు కట్టిన గుడ్డ సర్దుకుంది.

"పీరయ్య," అంది. "మా నాయిన పేరు. రాసుకోండ్రి సారు."