ఒరిజినల్ తెమ్మన్నారు

లిఫ్ట్ కదిలింది!

అతను కదిలించలేదు. కింద అంతస్తులో ఎవరో ఎక్కి బటన్ నొక్కారు.

మెకానిక్ లిఫ్ట్ లోపల లేడు. దాని నెత్తి మీద ఉన్నాడు. చీకట్లో, గ్రీజు కంపులో, ఇనుప తాళ్ల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. చొక్కా లోపల, పొట్టకు అంటుకుని ఒక పాస్‌పోర్ట్ ఉంది. అతని భార్యది. ఇప్పుడే లాండ్రీ ఓనర్ బీరువాలోంచి కొట్టేశాడు.

పెట్టె పైకి లేస్తోంది.

పైన స్లాబు దగ్గరవుతోంది...

స్టాప్ బటన్ వెయ్యలేదు. లిఫ్ట్ నెత్తి మీద కాలు పెట్టేముందు ఎర్ర బటన్ నొక్కాలి. ఆ పనిలో చేరిన మొదటి రోజే చెప్పే పాఠం అది. తను ఎంతమందికి చెప్పాడు? ఎంతమందిని తిట్టాడు? దొంగతనం కంగారులో తనే మర్చిపోయాడు. మతిలేని వెధవని అనుకుంటూ చీకట్లో తడుముతున్నాడు.

దొరికింది. అరచేత్తో గుద్దాడు.

పెట్టె ఎగిరిపడి ఆగింది. అతని తలకీ స్లాబుకీ మధ్య జానెడు కూడా లేదు.

కాళ్ల కింద నుంచి గొంతు...

"మెకానిక్కూ... పైనే ఉన్నావా?"

బక్కోడు. ఓనర్ మనిషి. ఎంత బక్కగా ఉంటాడో అంత పాపిష్టివాడు. నడుం దగ్గర ఎప్పుడూ పిస్టల్ ఉంటుంది.

"లిఫ్ట్ సర్వీసుకొచ్చినోడివి సర్వీసు చేసుకుని పోవాలి గానీ, బీరువాలతో నీకేం పని?"

మెకానిక్ చీకట్లో గోడ వైపు పాకాడు.

"ఆ పిల్ల పాస్‌పోర్టేగా? ఇచ్చెయ్. పిల్లని ఎక్కడ దాచావో కూడా చెప్పెయ్. ఓనర్‌తో నేను మాట్లాడతాలే."

ఎదురుగా నాలుగో అంతస్తు తలుపు. లోపలివైపు పైన చిన్న చక్రంలాంటి కొక్కెం. చూడక్కర్లేదు, వేళ్లకు తెలుసు. ఎత్తాడు. తలుపు జరిగింది.

ధన్!

కాళ్ల పక్క రేకులో రంధ్రం పడింది.

వెలుతురులోకి దూకి మెట్ల వైపు పరిగెత్తాడు. వెనక బక్కోడు రెండంతస్తుల మధ్య ఇరుక్కుని రేకులు బాదుతున్నాడు.

* * *

కింది హాలంతా ఆవిరి. హోటళ్ల దుప్పట్లు ఉతికే మిషన్లు వరసగా తిరుగుతున్నాయి. పెద్ద ఇస్త్రీ రోలర్ దగ్గర తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు. అందరూ పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లే. అందరి పాస్‌పోర్టులూ పైన బీరువాలో ఉన్నాయి.

అతని భార్య కూడా ఆ రోలర్ దగ్గరే నిలబడేది. నెలనెలా సామాన్ల లిఫ్ట్ బాగుచెయ్యడానికి వచ్చి, అక్కర్లేని చోట కూడా నూనె వేస్తూ, ఆమెతో మాటలు కలిపాడు. ఆమెకు వచ్చిన తెలుగంతా అతని దగ్గర నేర్చిందే. అందుకే తిట్లు ముందొచ్చాయి, మర్యాదలు తర్వాత. ఒకరోజు మాసిన దుప్పట్ల మూటల మధ్య కూర్చోబెట్టి ఆమెను బయటికి తెచ్చేశాడు. పెళ్లి చేసుకున్నాడు.

అప్పటి నుంచీ ఓనర్ వెతికిస్తూనే ఉన్నాడు. ఆమెను బయటికి తెచ్చింది ఎవరో ఇవాళ్టిదాకా వాళ్లకు తెలీదు. ఆమె నోరు విప్పితే ఈ లాండ్రీకి తాళం పడుతుంది.

"ఏయ్, పట్టుకోండి వాణ్ణి!"

ఇద్దరు కాపలావాళ్లు అడ్డంగా వస్తున్నారు. మెకానిక్ మిషన్ల సందులోకి దూరాడు. ఒక ముసలామె తన బట్టల ట్రాలీని పక్కకు లాగి దారి ఇచ్చింది. అతను దాటగానే మళ్లీ అడ్డం తోసింది. కాపలావాళ్లు దాని మీద పడ్డారు.

ఆమె అతని వంక చూడనైనా చూడలేదు. దుప్పటి మడతపెడుతూనే ఉంది. రాత్రికి ఆమెకు ఏం జరుగుతుందో అతనికి తెలుసు. అయినా ఆగలేదు.

వెనక గేటు. సందు. స్కూటర్ మీద బావ.

"దొరికిందా?"

"దొరికింది. పోనీ బావా."

"హెల్మెట్ పెట్టుకో."

"బావా, కాల్చారు నన్ను. పోనీ."

"ఇన్సూరెన్స్‌కి పోతూ తల పగలగొట్టుకుంటే మీ అక్క నన్ను చంపుద్ది. పెట్టుకో ముందు."

పెట్టుకున్నాడు. స్కూటర్ ఎగిరింది.

* * *

పొద్దు వాలుతోంది. ఆఫీసులు వదిలే వేళ. రోడ్డంతా బళ్లు.

భార్య ఆసుపత్రిలో ఉంది. గుండెలో కవాటం పాడైంది. నాలుగడుగులు వేస్తే పెదాలు నీలంగా మారుతున్నాయి. రేపు పొద్దున ఆపరేషన్. దాని ఖర్చుకి అతనూ, బావా, అక్కా కలిసి ఒంటి మీది బట్టలు అమ్మినా చాలదు. ఒకటే దారి... కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీ. అందులో భార్య పేరు చేర్చుకోవచ్చు. అదీ ఏడాదికోసారే. ఈ ఏటికి ఇవాళే ఆఖరు.

పెళ్లి రిజిస్టర్ చేసినవాడికి ఫోన్‌లో ఉన్న పాస్‌పోర్ట్ ఫొటో సరిపోయింది. ఇన్సూరెన్స్ వాళ్లకు సరిపోలేదు. ఎన్నిసార్లు వెళ్లినా కౌంటర్‌లో అమ్మాయిది ఒకటే మాట. "సారీ అండీ. విదేశీ భార్య అయితే ఒరిజినల్ తేవాలి."

తెస్తున్నాడు.

"ఒరేయ్," బావ అద్దంలో చూస్తున్నాడు. "తెల్ల వ్యాన్ మన వెనకేనా?"

వెనక్కి తిరిగాడు. లాండ్రీ వ్యాన్. ముందు సీట్లో బక్కోడు! బక్కగా ఉన్నాడుగా, లిఫ్ట్ పైకప్పు సందులోంచి పాకి వచ్చేసి ఉంటాడు.

"మన వెనకే బావా."

"నా స్కూటర్ ఇంకా కిస్తీల్లో ఉందిరా నాయనా..."

బావ కుడికి తిప్పాడు. బళ్ల మధ్య నుంచి, పేవ్‌మెంట్ మీద నుంచి, ఎవడో తిడుతుంటే వాణ్ణి తిరిగి తిడుతూ... సందులోకి. వ్యాన్ కూడా సందులోకే. గోడకు రాసుకుంటూ వస్తోంది. దగ్గరకు... ఇంకా దగ్గరకు...

తగిలింది!

ఆకాశం, నేల, మళ్లీ ఆకాశం. హెల్మెట్ రాయికి కొట్టుకుని పగిలింది. తల పగల్లేదు.

బావ స్కూటర్ కింద ఉన్నాడు. కాలు ఉండాల్సినట్టు లేదు.

"బావా..."

"నా దగ్గరేం కూర్చుంటావురా? పో."

"కాలు..."

"నా కాలుకి పాలసీ ఉంది. నా పెళ్లాం ఈ దేశంలోనే పుట్టింది, నేనూ ఇక్కడే పుట్టా. మాకే గోలా లేదు. నువ్వు పోరా!"

నవ్వబోయి బాధతో పళ్లు బిగించాడు. మెకానిక్ లేచాడు. వ్యాన్ తలుపు తెరుచుకుంటోంది.

పరిగెత్తాడు.

* * *

ఇన్సూరెన్స్ ఆఫీసు. షట్టర్ సగం దిగింది. దాని కింద నుంచి దూరి గాజు తలుపు తోసి, కౌంటర్ మీద పడ్డాడు.

"టైమైపోయిందండీ," తలెత్తకుండానే అంది ఆ అమ్మాయి. తలెత్తింది. అతని చేతి నిండా రక్తం చూసింది. "అయ్యో... ఏమైంది?"

"ఒరిజినల్ తెచ్చాను."

పాస్‌పోర్ట్ బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, మీకు దణ్ణం పెడతా. రేపు ఆపరేషన్. ఇవాళ కాకపోతే ఇంక ఆమె లేనట్టే."

అమ్మాయి గోడ గడియారం చూసింది. గేటు దగ్గర సెక్యూరిటీని చూసింది. చేతి సంచి మళ్లీ కుర్చీకి తగిలించింది.

"కూర్చోండి. సిస్టమ్ ఇంకా క్లోజ్ చెయ్యలేదు."

కౌంటర్ వెనక మనిషి ఎవరైనా తనకు మేలు చేసి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

గాజు తలుపు అవతల బక్కోడు వచ్చి నిలబడ్డాడు. చెయ్యి నడుం మీద ఉంది. పైన కెమెరా, పక్కన యూనిఫాంలో సెక్యూరిటీ. లోపలికి రాలేడు. చూస్తూ నిలబడ్డాడు.

అమ్మాయి పాస్‌పోర్ట్ స్కాన్ చేసింది. "పెళ్లి సర్టిఫికెట్ మీరు ముందే ఇచ్చారు. దేశంలోకి వచ్చిన స్టాంపు ఉంది. సరే. ఏ హాస్పిటల్లో ఉన్నారావిడ?"



ఆ సంగతి ఈ ఊళ్లో ముగ్గురికే తెలుసు. ఆసుపత్రి రికార్డులో కూడా అక్క పేరు రాయించాడు. అది చెప్పకూడదనే ఇన్నాళ్లూ చచ్చీ చెడీ కాపాడుకొచ్చాడు.

"చెప్పాలా?"

"అప్రూవల్ వాళ్లకే పంపాలి కదండీ. పేషెంట్ ఎక్కడుందో చెప్పకపోతే ఎవరికి పంపను?"

బయటికి చూశాడు. గాజు మందంగా ఉంది. బక్కోడికి వినిపించదు.

ముందుకు వంగి గుసగుసగా చెప్పాడు. ఆసుపత్రి పేరు. అంతస్తు. వార్డు. ఏ పేరుతో చేర్చారో అదీ.

ఆమె టైప్ చేసింది. ఎంటర్ కొట్టింది.

తెర మీద చిన్న గుండ్రం తిరుగుతోంది...

బయట బక్కోడి ఫోన్ మోగింది. ఎత్తాడు. విన్నాడు. తల ఊపాడు. అద్దంలోంచి మెకానిక్ వైపు చూసి నవ్వాడు. వ్యాన్ ఎక్కాడు.

వెళ్లిపోయాడు!

మెకానిక్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఒళ్లంతా తేలికైంది. వదిలేశారు. పని అయిపోయిందని తెలిసి వదిలేశారు. రేపు ఈపాటికి ఆమె కళ్లు తెరుస్తుంది. తను నేర్పిన బూతు మాటతోనే తనను తిడుతుంది, ఇంత ఆలస్యం ఎందుకైందని.

"సార్..."

అమ్మాయి ముఖం మారింది.

"రిజెక్ట్ అయిందండీ."

"ఒరిజినల్ ఇచ్చాగా?"

"ఒరిజినల్ స్కాన్ చేశాను కాబట్టే తెలిసింది. ఈ పాస్‌పోర్ట్ మీద ఆవిడ ఇప్పటికే వేరే పాలసీలో ఉన్నారు."

"ఎవరి పాలసీ?"

"చెప్పకూడదు సార్."

చెప్పలేదు. కంప్యూటర్‌ని కొంచెం అతని వైపు తిప్పింది.

లాండ్రీ ఓనర్ పేరు. దాని కింద అతని భార్య పేరు. సంబంధం అన్న చోట ఒకటే మాట... భార్య.

ఆ మాట మళ్లీ చదివాడు.

పనికోసం తెస్తే వీసా దొరకదు. భార్యగా తెస్తే దొరుకుతుంది. ఓనర్ అలాగే తెచ్చాడు. ఆమె భాష కాని కాగితాల మీద, వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసింది. పనికి ఒప్పందం అనుకుంది. పాపం, ఇప్పటికీ అదే అనుకుంటోంది.

"మరి మా పెళ్లి?" బల్ల మీదికి వంగాడు. "మాది నిజం పెళ్లండీ."

"నాకు తెలుసండీ." ఆమె అతని రక్తపు చేతిని చూస్తోంది. "కానీ మా దగ్గర ముందున్నది ఆయన పేరు. ఆవిడ విషయంలో ఏ సంతకమైనా ఆయనదే చెల్లుతుంది. ఇంకోటి సార్..."

"ఏంటి?"

"పాలసీలో ఉన్న మనిషి హాస్పిటల్లో చేరినట్టు మేం ఎక్కిస్తే, పాలసీదారుడి ఫోన్‌కి మెసేజ్ పోతుంది. ఇంట్లోవాళ్లకి వెంటనే తెలియాలని పెట్టారు. హాస్పిటల్ పేరు, వార్డు... అన్నీ పోతాయి."

"ఎప్పుడు పోయింది?"

"నేను ఎంటర్ కొట్టినప్పుడు."

మెకానిక్ తలుపు వైపు చూశాడు. వ్యాన్ లేదు.

* * *

పరుగు. ఫోన్ చెవికి. మోగుతోంది. ఎత్తరు. మళ్లీ. ఎత్తరు. ఆసుపత్రి ఊరికి అవతలి కొసన ఉంది. చెయ్యి చాపితే ఒక్క బండీ ఆగడం లేదు. రక్తం కారే చేతికి ఎవడు ఆపుతాడు?

అరగంట పరిగెత్తినా సగం దూరం కాలేదు. మళ్లీ కొట్టాడు.

"వార్డు," నర్సు గొంతు.

"అమ్మా, కిటికీ పక్క బెడ్డు... రేపు గుండె ఆపరేషన్ ఉన్నావిడ... ఎవరొచ్చినా పంపకండి. డాక్టర్‌ని పిలవండి. ఎవరొచ్చినా సరే..."

"ఆవిడా? వెళ్లిపోయారండీ. వాళ్లాయన కాసేపటి క్రితమే వచ్చారు. వేరే పేరుతో చేర్చారని చెప్పి కార్డు చూపించారు, మేం ఇన్సూరెన్స్ వాళ్లతో సరిచూసుకున్నాం కూడా. ఆపరేషన్ వద్దని రాసిచ్చి తీసుకెళ్లారు. ఆక్సిజన్ తియ్యకండి, ప్రమాదం అని డాక్టర్ గారు ఎంత చెప్పినా వినలేదు."

"ఆమె... ఆమె ఏమీ అనలేదా?"

"ఏడ్చిందండీ. వాళ్ల భాషలో ఏదో చెప్పింది. మాకు అర్థం కాలేదు. మధ్యలో 'ఈయన కాదు, ఈయన కాదు' అని తెలుగులో అంది. జబ్బు మనిషి కదా అనుకున్నాం. ఇంతకీ మీరెవరు?"

కట్ చేసి పోలీసులకు ఫోన్ కొట్టాడు.

"సార్, నా భార్యని ఎత్తుకెళ్లారు. గుండె జబ్బు మనిషి. తెల్లారేదాకా బతకదు. తెల్ల లాండ్రీ వ్యాన్... త్వరగా సార్..."

"ఎవరు తీసుకెళ్లారు?"

చెప్పాడు. లాండ్రీ ఓనర్ పేరు, వీధి, అన్నీ చెప్పాడు.

అటువైపు కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు.

"మీరు లిఫ్ట్ మెకానిక్ కదా?"

కాళ్లు ఆగిపోయాయి.

"ఆయన ఇందాకే కంప్లయింట్ ఇచ్చారు. మెకానిక్ ఒకడు బీరువా పగలగొట్టాడు, భార్య పాస్‌పోర్ట్ ఎత్తుకెళ్లాడు, అంతకుముందు భార్యనీ ఎత్తుకెళ్లాడని. ఆవిడ దొరికిందట, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు. ఇక మీరే దొరకాలి."

వీధి చివర నీలం లైటు తిరుగుతూ ఇటే వస్తోంది.

"ఉన్నచోటే ఉండండి. చేతులు కనిపించేలా పెట్టుకోండి."

అతను లాండ్రీ వైపు పరుగు తీశాడు. వెనక పోలీసు బండి తలుపు తెరుచుకుంది.

ధన్!