మంగాయమ్మ మెరుపు

"ఆ రొద ఆపు. మనిషి అడ్డొస్తే మనిషిని కూడా."

కలకత్తా ఆఫీసులో చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ నైన్ సెల్యూట్ కొట్టాడు. అసలు పేరు సన్యాసిరావు, పుట్టింది బొబ్బిలి దగ్గర. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ నిండా ఆ ప్రాంతం వాళ్లే కనక ఈ మిషన్‌కి అతన్ని ఎంచుకున్నారు.

అది 1943. బర్మా యుద్ధానికి వెళ్లే మిలటరీ రైళ్లు బిలాస్‌పూర్ మీదుగా పోతున్నాయి. ఆ కాలనీ నుంచి రోజూ సాయంత్రం రేడియోలో గరగరమని ఒక శబ్దం. జపాన్ ముఠా ట్రాన్స్‌మిటర్ అదేనని ఇన్‌ఫార్మర్ కబురు.

ఇన్‌ఫార్మర్ పేరు కనకం. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పాటకచేరీకి వచ్చిన నటి. స్టేషన్ వెయిటింగ్ రూములో ఆకుపచ్చ చీర, నల్లకళ్లద్దాలు, కాళ్ల దగ్గర హార్మోనియం పెట్టె.

"మోప్కా ఊళ్లో వాన పడిందా?" అని గుర్తుమాట అడిగింది.

"గొడుగుంటే పడదు," అన్నాడు నైన్, ఇత్తడి గిన్నెల మూట దించుతూ. ఈసారి వేషం గిన్నెల బేరగాడు.

"మీరు వెతికేవాడి పేరు చిన్నారావు, లోకో షెడ్‌లో ఫిట్టర్. ఇవాళ సాయంత్రం మిలటరీ స్పెషల్ అర్పా నది వంతెన దాటుతుంది. ఈలోగా వాడి మిషను ముక్కలవ్వాలి."

ఆమె నవ్వితే ప్లాట్‌ఫారం సగం తిరిగి చూసింది. మనవాడూ చూశాడు. గూఢచారికి మాత్రం కళ్లుండవా?

కాలనీలో అప్పయమ్మ అనే ముసలామె గిన్నె బేరమాడుతూ గొంతు తగ్గించింది. "సిన్నారావు కోటర్ కాసి ఎల్లకు బాబూ. పెళ్లాం మంగాయమ్మ కలరాతో పోనాది. పొద్దుగూకితే సాలు, ఊదామంటై ఆ ఇంట్లోకొస్తాది."

దెయ్యం పేరు చెప్పి జనాన్ని దూరం పెట్టడం పాత ట్రిక్కే అనుకున్నాడు నైన్. నేరుగా వెళ్లి తలుపు తోసి రివాల్వర్ గురిపెట్టాడు.

చిన్నారావు చేతులెత్తాడు. వెనక బల్ల మీద ఇనపకడ్డీల కట్ట చుట్టూ వరస మీద వరస రాగితీగ. పక్కన షెడ్‌లో పారేసిన బ్యాటరీలు, విప్పిన ఎలక్ట్రిక్ బెల్లు.

"మెసేజులు ఎవరికి పంపుతున్నావ్?"

"మెసేజులేటి బాబూ? ఇది ట్రాన్స్‌ఫార్మర్. సరదాకి కడతాను. బ్యాటరీ కరెంటు ఇందులోకెల్లి పిడుగై వొస్తాది. ముందు కట్టినవి మాడిపోనాయి, తీగల మద్దిన ఎట్టిన కాయితం తట్టుకోనేదు. ఇది తట్టుకుంది."

"అయితే తలుపులు మూసుకోవడం దేనికి?"

చిన్నారావు బల్లకి అడ్డంగా జరిగాడు. నైన్ తీగచుట్ట అంచు పట్టి లాగాడు. తీగల మధ్య ఉన్నది కాగితం కాదు, మైనంలో ముంచిన ఎర్రపట్టు.

"మంగాయమ్మ పెళ్లిసీర. పదోనాడు సాకలికిచ్చెయ్యాలన్నారు. ఇయ్యలేపోనాను. జరీ ఇప్పేసి, పేలికలు సేసి తీగల మద్దిన సుట్టాను. మెరుపంటే దానికీ సరదా బాబూ. పాతవి మాడిపోతే నాకన్నా అదే ఏడిసింది. సచ్చినోలి సీర ఇంట్లో ఎట్టుకున్నానని తెలిస్తే ఊరుకుంటారేటి?"

ఇంత దుఃఖాన్ని దేశద్రోహం అనుకున్నందుకు నైన్‌కి సిగ్గేసింది.

అయినా డ్యూటీ డ్యూటీయే. "ఒకసారి వెలిగించు," అని గొడుగు పిడిలో దాచిన రిసీవర్ చెవికి ఆనించాడు. ఊదారంగు మెరుపు లేచింది. చెవిలో ఒకటే గరగర, అందులో అక్షరం లేదు, కోడ్ లేదు. చిన్నారావు స్విచ్ తీశాడు. వెంటనే సన్నగా, స్పష్టంగా టిక్కుటిక్కు మొదలైంది. డిపార్ట్‌మెంట్ ఏనాడో ఛేదించిన జపాన్ కోడ్ అది. నైన్ వింటూనే అర్థం విప్పుకున్నాడు.

"వంతెన దగ్గర సిద్ధంగా ఉండు. పేల్చాల్సింది ఏ రైలో సిగ్నల్ ఇస్తాను."

నైన్‌కి కనకం కాళ్ల దగ్గరి హార్మోనియం పెట్టె గుర్తొచ్చింది, ట్రాన్స్‌మిటర్ దాచేంత పెట్టె. ఈ రొద శత్రువుది కాదు. శత్రువుకి అడ్డుపడుతున్నది. దాన్ని మన చేతే ఆపించాలని చూసింది కనకం!

బయటికొచ్చి తన బ్యాడ్జి అప్పయమ్మ చేతిలో పెట్టి, కనకం సంగతీ వంతెన సంగతీ చెప్పమని పోలీసుల దగ్గరికి పంపాడు. గిన్నె ఊరికే ఇస్తాననేసరికి ఆమె వయసు మరిచి పరిగెత్తింది. అంతలో స్టేషన్‌లో మిలటరీ స్పెషల్ కూత వేసింది.

"రైలు వంతెన దాటేదాకా ఇది ఆగకూడదు."

"అంతసేపు తట్టుకోదు బాబూ. రెండు మెరుపులు సూసి ఆపేస్తాను. పట్టు కాలిపోతాది."

"రైలు నిండా కుర్రోలున్నారు సిన్నారావన్నా." ట్రైనింగ్‌లో నేర్చిన యాసలన్నీ పోయి నైన్ నోట బొబ్బిలి పలికింది. "ఆలకీ పెళ్లాలుంటారు కదేటి."

చిన్నారావు చుట్టని అరచేత్తో ఒకసారి నిమిరాడు. "అచ్ఛా," అన్నాడు. స్విచ్ వేశాడు.

మెరుపు ఆగకుండా పేలింది. మైనం కరిగి బల్ల మీద కారింది. పట్టు మాడిన వాసన గదంతా నిండింది. దూరంగా వంతెన మీద చక్రాలు దడదడలాడాయి.

"దాటీసిందా బాబూ?"

"ఇంజన్ దాటింది. పెట్టెలున్నాయి."

"ఇంకా?"

"ఇంకా."

మెరుపు సన్నబడింది. చివరి పెట్టె చప్పుడు వంతెన దిగింది. అదే క్షణంలో చుట్ట ఫట్మని పగిలి నల్లబడిపోయింది.

"మంగాయమ్మని రెండోసారి కాల్సీసినాను," అన్నాడు చిన్నారావు. అతను ఏడవలేదు. ఏజెంట్ నైన్ ఏడ్చాడు.

హార్మోనియం ముందు, చెవులకి హెడ్‌ఫోన్ ఉండగానే కనకం దొరికిపోయింది. వంతెన కింద మనిషి, రాని సిగ్నల్ కోసం ఎదురుచూస్తూనే దొరికాడు.

మర్నాడు సాయంత్రం ఊదామంట రాలేదు. మంగాయమ్మకి ముక్తి దొరికిందని అప్పయమ్మ కొబ్బరికాయ కొట్టింది. చిన్నారావు ఆ కొబ్బరిచెక్క కళ్లకద్దుకుని తీసుకున్నాడు.

కలకత్తా నుంచి టెలిగ్రాం వచ్చింది. "బిలాస్‌పూర్ రొద ఆగింది. శభాష్." ఇచ్చిన ఆర్డర్‌ని అక్షరాలా అమలు చేసినందుకు ఏజెంట్ నైన్‌కి ప్రమోషన్ కూడా వచ్చింది.