మేడం రాసిన నాలుగో ఉత్తరం

ఏడున్నర బస్సుకు ఇంకా పావుగంట ఉంది. రోజారాణి అద్దం ముందు జడ వేసుకుంటోంది. శామీర్‌పేట చెరువు నుంచి అప్పుడే వచ్చిన బాలనర్సయ్య తడి వలను దండెం మీద ఆరేసి, చేతులు పంచెకు తుడుచుకుని కూతురి ముందు ఒక కవరు పెట్టాడు. సాలమ్మ కూడా గంపలోకి చేపలు సర్దడం ఆపి గుమ్మం దగ్గరికొచ్చింది. ఆ ఇంట్లో ఉత్తరం అంటే ముగ్గురూ వినాల్సిందే మరి.

"నిన్న పోస్టుమాన్ ఇచ్చిపోయిండు. సదువు బిడ్డా, మేడం ఏం రాసిందో ఇందాం."

రోజారాణి కవరు చింపింది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరాక కాలేజీ నుంచి వచ్చిన నాలుగో ఉత్తరం అది. ప్రతి ఇరవై మంది పిల్లల బాగోగులు చూడటానికి ఒక టీచరు ఉంటారు. ఈమె బాగోగులు చూసే పద్మజ మేడం పంపింది. హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలి, రోజారాణికి అరవై ఏడే ఉంది. శనివారం లోపు తండ్రి స్వయంగా వచ్చి కారణం చెప్పి అర్జీ ఇస్తే పరీక్షకు రానిస్తారు, లేకపోతే ఏడాది పోతుంది. అంతా ఇంగ్లీషులోనే ఉంది.

"మంచిగ సదువుతున్ననట నాయినా. గిట్లనే సదువుమని రాసిర్రు."

కింద తండ్రి సంతకం కోసం వదిలిన చోట బాలనర్సయ్య సంబరంగా వేలిముద్ర వేశాడు. ముందు మూడు ఉత్తరాలకూ ఇలాగే వేశాడు. సాలమ్మ అయితే ఆ ఉత్తరాల సంగతి మేడ్చల్ అంగట్లో చేపలు కొనేవాళ్లందరికీ చెప్పేసింది. వాళ్లు పొగిడినకొద్దీ రోజారాణికి అన్నం సయించడం మానేసింది.

నిజానికి ఆ పిల్ల మొద్దు కాదు. సర్కారు బళ్లో తెలుగులో చదివి పదో తరగతిలో బడికే ఫస్టు వచ్చింది, ఇంటరూ తెలుగులోనే పాసైంది. కాలేజీలో మొదటి వారమే ఫిజిక్స్ సారు ఇంగ్లీషులో ఏదో అడిగితే లేచి నిలబడి నోరు తెరవలేకపోయింది. వెనక బెంచీ కిసుక్కున నవ్వింది. తెలుగు మీడియం పిల్లల కోసం సాయంత్రం నాలుగింటికి వేరే క్లాసు పెట్టారు. అందులో కూర్చుంటే తనేమిటో కాలేజీ అంతటికీ తెలిసిపోతుందని ఆ గది వైపే పోలేదు. పోను పోను మామూలు క్లాసులకూ పోలేక, ఆడపిల్లల విశ్రాంతి గదిలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. శనివారం కూడా అక్కడే కూర్చుని గడియారం చూస్తూ గడిపింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆదివారం వలలో మంచి కొర్రమట్టలు పడ్డాయి. సోమవారం కూతురు బస్సెక్కాక బాలనర్సయ్య ఉతికిన పంచె కట్టుకుని, రెండు కొర్రమట్టలు సంచిలో వేసుకుని కాలేజీకి బయలుదేరాడు. నాలుగు మంచి మాటలు రాసిన మనిషికి ఒక్కసారైనా దండం పెట్టకపోతే ఎట్లా అనుకున్నాడు.

పద్మజ మేడం ముందు చేతులు జోడించాడు. "మా రోజ గురించి మీరు గంత మంచిగ రాస్తిరి. మా చెరువు చేపలు మేడం, ఏమనుకోకుండ్రి."

మేడంకు ఏమీ అర్థం కాలేదు. "మీరు శనివారం రావాల్సింది కదండీ. ఉత్తరం చదివారా?"

"నాకేడ సదువొస్తది? మా బిడ్డనే సదివి చెప్పింది."

మేడం రోజారాణిని పిలుచుకురమ్మని ప్యూనును పంపింది. తర్వాత నాలుగు ఉత్తరాలూ వరసగా తెలుగులో చెప్పింది. చెబుతున్నంతసేపూ తల దించుకునే ఉంది. "తప్పు నాది కూడా. అచ్చు ఫారం మీద పేర్లు మార్చి పంపేశాను. తిరిగొచ్చిన కాగితాల మీద వేలిముద్ర చూసి కూడా, ఆ ఇంట్లో ఎవరు చదువుతారో ఆలోచించలేదు."

ప్యూను వెంట వచ్చిన రోజారాణి గుమ్మంలోనే ఆగిపోయింది. కుర్చీ అంచున కూర్చున్న తండ్రి తన బొటనవేలి వైపు చూసుకుంటున్నాడు. ఆ చూపుకు ఆమె ప్రాణం చచ్చిపోయింది.

"మేడం, ఇంకేమన్న దారున్నదా?" అని అడిగాడాయన.

"గడువు అయిపోయిందండీ. పరీక్షకు రానివ్వనివాళ్ల పేర్లు బోర్డు మీద పెట్టేశారు. సీటు ఎక్కడికీ పోదు. వచ్చే ఏడు మళ్లీ మొదటి సంవత్సరంలో కూర్చోవాలి. సాయంత్రం క్లాసుకు మాత్రం ఇవాళ్టి నుంచే రావచ్చు. నేనే చెబుతాను."

ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికి వచ్చారు. సంగతి విన్న సాలమ్మ ఊరుకోలేదు.

"అంగట్ల అందరికి గొప్పలు జెప్పుకుంటి గదనే! మాకు సదువు రాదని గింత మోసం జేస్తవా? గిట్ల పరాయోళ్లు గూడ చెయ్యరే!"

"కాలేజిల నాకేం సమజ్ అయితలేదు అమ్మా. నవ్వుతరని భయమైంది." రోజారాణి గోడకానుకుని కూలబడింది. "మీరు గంత సంతోషపడుతుంటె ఇగ నిజం చెప్ప బుద్ధి గాలే."

బాలనర్సయ్య అప్పుడు నోరు విప్పాడు. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"బ్యాంకుల కాయితం ఇస్తె పక్కోణ్ని బతిమాలుత. బస్సు బోర్డు జూసి నంబరేందని పోరగాండ్లను అడుగుత. రోజు సిగ్గుపడుతనే ఉన్న బిడ్డా. నవ్వినోళ్లు నవ్విర్రు, నేను అడుగుడు ఆపలే. నీకు సిగ్గయితాందని నాకొక్క మాట జెప్తె, గా శనివారం పొద్దుగాల్నే నీ ఎంబడొస్తుంటి గదనే."

రోజారాణి ఆయన కాళ్ల మీద పడి ఏడ్చింది. సాలమ్మ కోపం మరిచి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున చెరువుగట్టు మీద, నిన్న ఆయన కాలేజీకి పోయిన సంగతి తెలిసిన తోటి జాలరి పరమేశ్ అరిచి అడిగాడు. "నర్సన్నా, మేడం ఏమన్నదే?"

రోజారాణి అప్పుడే తండ్రికి టీ తెచ్చింది. నాయిన ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటే బాగుండునని మనసులో మొక్కుకుంది.

"బిడ్డకు ఒక ఏడాది పోయిందిరా," అన్నాడు బాలనర్సయ్య, అందరికీ వినబడేటట్టు. "సమజ్ గాక క్లాసులకు పోలేదట. మల్ల సదువుతది."

చెరువుగట్టు మీద ఎవరూ నవ్వలేదు. నవ్వినా ఆయన అదే మాట చెప్పేవాడని రోజారాణికి తెలిసింది.

ఆ సాయంత్రం నాలుగింటికి ఆమె ఆ గదిలోకి పోయింది. తొమ్మిది మంది ఉన్నారు. ఒకడు మొదటి వారంలో వెనక బెంచీ మీద నవ్వినవాడే. తల వంచుకుని నోట్సు రాసుకుంటున్నాడు. పద్మజ మేడం బోర్డు మీద లెక్క ముగించి వెనక్కి తిరిగింది.

"ఎవరికైనా అర్థం కాలేదా?"

గదిలో ఎవరూ కదల్లేదు. రోజారాణి లేచి నిలబడింది.

"నాకు, మేడం," అంది.