కోల్డ్‌వెల్ హాల్లో ఒక మంచం

ఉదయం ఎనిమిదింటికి హెస్టర్ ఎప్పటిలాగే రెండు బకెట్లు పట్టుకుని పై అంతస్తుకు ఎక్కింది. వాన పడితే కోల్డ్‌వెల్ హాల్ అనే ఆ పాత బంగళాలో ఎక్కడెక్కడ కారుతుందో అరవై ఏళ్ల ఆవిడకు కంఠతా వచ్చు. నలభై గదుల ఇంట్లో ఒక్కతే మనిషి. తనలో తాను మాట్లాడుకోవడం కూడా మానేసి చాలాకాలమైంది.

తాతగారి రోజుల్లో ఆ ఇల్లు వేటకు వచ్చే దొరలతో కళకళలాడింది. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికులకు ఆసుపత్రి అయింది. తర్వాత పైకప్పు బాగుచేయించే స్తోమత లేక తండ్రి దాన్ని ఆడపిల్లల హాస్టల్ బడికి అద్దెకిచ్చి, కుటుంబంతో వెనకవైపు మూడు గదుల్లో సర్దుకున్నాడు. ఆ బడీ మూతపడి పద్దెనిమిదేళ్లయింది.

పదింటికి తమ్ముడు రూపర్ట్ లండన్ నుంచి కాగితాలతో దిగాడు. వాళ్ల పద్ధతిలో ఇల్లంతా కొడుకుదే. కానీ బతికున్నంతకాలం హెస్టర్ అక్కడే ఉండవచ్చని తండ్రి వీలునామా రాశాడు. ఆమె సంతకం లేనిదే అమ్మడం కుదరదు.

“హోటల్ వాళ్లు తీసుకుంటామంటున్నారక్కా. ఊళ్లో నీకు మంచి ఇల్లు చూశాను.”

“టీ తాగు, అందులో విషమేం కలపలేదు. సైనికులొచ్చారు, బడి వచ్చింది, అందరూ పోయారు. మనం మాత్రం ఇక్కడే ఉన్నాం. నీకేం, ఏడాదికోసారి చుట్టపుచూపుగా వస్తావు. ఈ ఇంటి మీద నీకు మమకారం ఎప్పుడుంది గనక?”

“మనం కాదు, నువ్వు ఉన్నావు. ఆడపిల్లవని ఆ బడిలోనే చదివించారు. నన్ను ఏడేళ్లకే పెట్టె సర్ది ఎక్కడో దూరపు హాస్టల్‌కు పంపేశారు.”

“మనవాళ్లలో మగపిల్లలందరినీ పంపేవాళ్లేగా. సెలవులకు వచ్చేవాడివి కూడా.”

“వచ్చి ఎక్కడ పడుకునేవాణ్ణో గుర్తుందా? మీ మూడు గదుల్లో నాకు చోటు లేదు. పైన, బడిపిల్లలు సెలవులకు ఖాళీ చేసిన పెద్ద పడకగదిలో పడుకోమనేవారు. ఇరవై నాలుగు మంచాలు, నేనొక్కణ్ణి. రోజుకో మంచం మారేవాణ్ణక్కా. ఏదో ఒకటి నాదనిపిస్తుందేమోనని.”

 వారసుడు కాబట్టి అన్నీ వాడికే దక్కాయని హెస్టర్ ఇన్నేళ్లూ లోలోపల కుమిలింది. నలభై గదుల్లో వాడికంటూ ఒక్క మంచం లేదన్న సంగతి, అదే కప్పు కింద పెరిగిన తనకు ఏనాడూ తట్టలేదు. కళ్లనీళ్లు ఆగలేదు. కాగితాలు దగ్గరకు లాక్కుని సంతకం పెట్టింది.

రూపర్ట్ లేచి కోటు అందుకున్నాడు.

“ఎక్కడికి?”

“పన్నెండింటికి రైలుంది.”

“రేపు వెళ్దువుగాని.”

“ఎక్కడ పడుకోమంటావు?” అని నవ్వబోయాడు.

“నా మంచం మీద. నేను సోఫాలో సర్దుకుంటాను.”

యాభై అయిదేళ్ల ఆ మనిషి కోటు ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూలబడ్డాడు. మొహం పక్కకు తిప్పుకుని చాలాసేపు ఏడ్చాడు.