పాత పెట్టెలో కొత్త కార్డు

యేసుకుమార్‌ని చంపింది మీరే. సూది గుచ్చినవాడు పరాయి దేశం కూలికి పనిచేసినవాడు కావచ్చు, వాడి సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ సంగతి. డెల్టాలో కాలవ తలుపులు ఎత్తే, దించే కంప్యూటర్‌ని, మీ ఇంట్లో పిల్లలు ఆటలకైనా ముట్టుకోని ముసలి పెట్టెని, మార్చకుండా, ఇంకొకర్ని మార్చనివ్వకుండా, "నడుస్తోందిగా, ఇంకేంటి?" అంటూ సర్కారు ఏసీ గదుల్లో కూర్చున్నది మీరు. శత్రువు గోడ దూకి రాలేదు. మీరు తలుపు బార్లా తీసిపెట్టారు, వాడు మర్యాదగా నడిచొచ్చాడు.

బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద, పొద్దున్నే, అందరి ముందూ, సన్నగా వాన పడుతుండగా, టీ బండి దగ్గర యేసుకుమార్ నిలబడి ఉన్నాడు. హెల్మెట్ పెట్టుకున్నవాడొకడు పక్కనుంచి పోతూ భుజానికి తగిలాడు. "చూసుకుని నడవండి బాబూ" అన్నాడు యేసుకుమార్. అంతే. మెల్లగా ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు, పక్కకి ఒరిగాడు. బీపీ అన్నారు కొందరు, షుగర్ అన్నారు కొందరు. ఒకడు వీడియో తీశాడు. టీ బండివాడు గ్లాసు వెనక్కి తీసుకుని కడిగి పెట్టుకున్నాడు.

రోడ్డుకి అవతల ఆపిన కారులోంచి ఫిన్నీ ఇదంతా చూశాడు. యేసుకుమార్‌ని ఎక్కించుకుని వెళ్లడానికి వచ్చినవాడు అతనే. ఎనిమిదేళ్లు ఇద్దరూ ఒకే గూఢచారి యూనిట్‌లో పనిచేశారు, ఒకే పేకెట్‌లో పులిహోర తిన్నారు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. అద్దం మీద వైపర్ అటూ ఇటూ తిరుగుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

గవర్నరుపేటలో ఒక జిరాక్స్ షాపు పైగది. బయట బోర్డు ట్యూషన్ సెంటర్‌ది. లోపల యూనిట్ చీఫ్ లక్ష్మీకాంత్.

"కూర్చో ఫిన్నీ."

"ఫర్లేదు సార్."

"యేసుకుమార్ మనవాడు కాడు. కంప్యూటర్ షాపులో మెకానిక్. గుండెపోటు. అర్థమైందా?"

"వాళ్లమ్మకి ఎవరు చెప్తారు సార్?"

"ఆపరేషన్ అయ్యాక చూద్దాంలే." లక్ష్మీకాంత్ ప్రొజెక్టర్ ఆన్ చేశాడు. "పామర్రు దాటాక కాలవ మీద లాకులున్నాయి. అక్కడి కంట్రోల్ రూమ్‌లో డెస్క్‌టాప్ పాతది. దాని గ్రాఫిక్స్ కార్డు కాలిపోయింది. కొత్తది పెడితే స్క్రీన్ రాలేదు. ఎందుకు?"

"కొత్త కార్డు చిప్‌లో ముందే ఎక్కించి ఉండే ప్రోగ్రామ్, ఫర్మ్‌వేర్, కొత్త బోర్డులకి రాసింది సార్. ఆన్ చెయ్యగానే ముందు లేచే పాత బయోస్ దాన్ని గుర్తుపట్టదు. ఆ ఫర్మ్‌వేర్ చెరిపేసి, పాత బయోస్‌కి తెలిసిన రకం ఎక్కించాలి. ఫ్లాషింగ్ అంటారు. జాగ్రత్తగా చేస్తే పావుగంట పని. తేడా వస్తే కార్డు ఇటుకరాయి."

"ఆ పావుగంట పనే మనవాణ్ణి మింగింది. సర్వీసు కాంట్రాక్టు కంపెనీ వేషంలో, పరాయి దేశం కూలికి పనిచేసే ముఠావాళ్లు ఆ కార్డుని యేసుకుమార్ పనిచేసే షాపుకే తెచ్చారు. ఏం ఎక్కించాలో పెన్‌డ్రైవ్‌లో వాళ్లే ఇచ్చారు, మనవాడు తెలియక అదే ఎక్కించాడని జాజి కబురు. ఆ డ్రైవ్‌లో పురుగుంది, అంటే దొంగ ప్రోగ్రామ్. విండోస్ కన్ను తెరవకముందే అది లేస్తుంది. ఏ యాంటీవైరస్‌కీ దొరకదు."

"లేచి ఏం చేస్తుంది?"

"వరదొచ్చినప్పుడు తెర మీద నీటిమట్టాన్ని కదలకుండా నిలబెడుతుంది. కాలవ నిండుతూనే ఉంటుంది, తెర మీద అంతా పచ్చగా ఉంటుంది. మిగులు నీళ్లని డ్రెయిన్‌లోకి వదిలే తలుపులు ఎవడూ ఎత్తడు. గట్టు తెగుతుంది."

"గట్టు కింద కాలనీ ఉంది సార్."

"తెలుసు."

"యేసుకుమార్ వాళ్లమ్మ తెరేసమ్మ ఉండేది అక్కడే."

లక్ష్మీకాంత్ ప్రొజెక్టర్ ఆపేశాడు. "పై నుంచి నీళ్లు వదిలారు. మధ్యాహ్నానికి లాకుల దగ్గరికొస్తాయి. కార్డు బిగించేశారు. మనం గదికి పోలీసు కాపలా పెట్టించాం, మన పర్మిషన్ లేకుండా పెట్టె మీద ఎవరూ చెయ్యి వెయ్యలేరు. నువ్వెళ్లి మంచి ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించాలి. అది జాజి తెస్తుంది."

జాజి అంటే వేదశ్రీ. ముఠాలో ఉంటూ ఏడాదిగా యూనిట్‌కి కబుర్లు చేరవేస్తున్న మనిషి. ఆమె ఇచ్చిన కబుర్లన్నీ నిజమయ్యాయి. అందుకని లక్ష్మీకాంత్ ఆమెని తన తుపాకీ కంటే ఎక్కువగా నమ్మాడు.

ఫిన్నీ మీసం తీసేశాడు. సర్వీస్ కంపెనీ టీషర్టు, మెడలో ట్యాగు, వీపున బ్యాగు. టిఫిన్ క్యారేజీ పై గిన్నెలో పెరుగన్నం, కింది గిన్నెలో చిప్‌ని పళ్లతో కరిచిపట్టి లోపలున్నది చదివే క్లిప్పు. కంకిపాడు దాటాక ఒక హోటల్ ముందు తెల్లకారు ఆగి ఉంది. లేత నీలం షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు, పక్కనుంచి పోయే లారీ డ్రైవర్ మెడ తిప్పేంత సెంటు.

"గుడివాడ పాసింజర్ వెళ్లిపోయిందాండీ?" అన్నాడు ఫిన్నీ.

"లేదండీ. ఇంజన్ మారుస్తున్నారు." కోడ్ సరిపోయింది. ఆమె కళ్లద్దాలు తీసింది. "యేసుకుమార్ గారి గురించి విన్నాను. బాధగా ఉందండీ."

"నాకు లేదు" అన్నాడు ఫిన్నీ. అబద్ధం కాదు. పొద్దుట్నుంచి ఒంట్లో ఎక్కడ గిల్లుకున్నా వేరేవాళ్ల చర్మం గిల్లినట్టే ఉంది.

లాకుల దగ్గర వాన పెరిగింది. పోలీసు కాపలావాడు ఫిన్నీ పర్మిషన్ చూశాడు. ఫిన్నీతో వచ్చింది కాబట్టి వేదశ్రీ హ్యాండ్‌బ్యాగ్ చూడలేదు.

"చెప్పులు బయటండీ, చెప్పులు!" లోపల్నుంచి కేక వచ్చింది. కంట్రోల్ రూమ్ ఇన్‌చార్జి పూర్ణచంద్రరావు. తడి తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆ పెట్టె అసలే ముసలిది. దుమ్ము తగిలితే దగ్గుద్ది. మీరూ విప్పండమ్మా. సినిమాస్టారైనా సరే ఇక్కడ వట్టికాళ్లే."

వేదశ్రీ హైహీల్స్ విప్పింది. ఫిన్నీ బూట్లు, సాక్సులు విప్పాడు. గచ్చు చల్లగా ఉందో లేదో అతనికి తెలియలేదు.

"పెట్టె తెరవాలండీ, అర్జెంట్" అన్నాడు.

"ఇప్పుడా? వర్జ్యం నడుస్తోంది. పోయేదాకా స్క్రూడ్రైవర్ తీయనివ్వను."

"వరదొస్తోందండీ పూర్ణచంద్రరావు గారూ!" వేదశ్రీ గొంతు పెరిగింది.

"వరదకి వర్జ్యం లేదమ్మా, మనకుంది. ఆ కార్డు పెట్టిన రోజు మా ఆవిడ కనకవల్లి వచ్చి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ తిప్పితేనే స్క్రీన్ వచ్చింది. అంతకుముందు మీ ఇంజనీర్లు నలుగురు తలకిందులైనా రాలా."

ఫిన్నీకి వాదించే ఓపిక లేదు. గొడుగేసుకుని బయటికెళ్లాడు. లాకు గోడ మీద అడుగులు, అంగుళాలు రంగుతో రాసిన గేజి ఉంది. నాచు పట్టిన మెట్లు దిగి ఎవడూ చూడక ఎన్నాళ్లయిందో. దిగి చూశాడు. నీళ్లు ఎర్రగా, చెత్తతో, అప్పుడే పెరగడం మొదలుపెట్టాయి. అంకె గుర్తుపెట్టుకుని లోపలికొచ్చి తెర చూశాడు. అదే అంకె. కాసేపాగి మళ్లీ దిగాడు, మళ్లీ వచ్చాడు. గోడ మీద ఎంత పెరిగిందో తెర మీదా అంతే పెరిగింది.

"తెర నిజమే చెప్తోంది" అన్నాడు.

"ఇప్పుడు చెప్తుందండీ" అంది వేదశ్రీ గబగబా. "నీళ్లు ప్రమాదం చూపే ఎర్రగీత దాకా వచ్చాకే పురుగు లేస్తుంది. ఈయన్ని పక్కకి జరపండి, త్వరగా కానివ్వండి."

ఫిన్నీ ఆమెని చూశాడు. ఏడాదిపాటు శత్రువుల మధ్య కూర్చుని చెమట పట్టని మనిషి. ఇప్పుడు పై పెదవి తడిగా ఉంది.

వర్జ్యం పోయింది. పూర్ణచంద్రరావు దణ్ణం పెట్టి పక్కకి జరిగాడు. ఫిన్నీ కంప్యూటర్ ఆపి, మూత తీసి, కార్డు బయటికి లాగాడు. కార్డు వీపంతా పసుపు, మధ్యలో అరచేతంత కుంకుమ. చిప్పుకి క్లిప్పు తగిలించి, తన లాప్‌టాప్‌లోకి అందులో ఉన్న ఫర్మ్‌వేర్ కాపీ తీశాడు. వేదశ్రీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదానితో పోల్చాడు. రెండూ వేర్వేరు.

"చూశారా? కార్డులో ఉన్నది పురుగు. నా దగ్గరున్నది మంచిది."

ఆ రెంటిలో ఏది ఏదో లాప్‌టాప్ చెప్పదు. తేడా ఉందని మాత్రమే చెప్తుంది. ఫిన్నీ బొటనవేలితో కుంకుమ తుడిచాడు. కింద తెల్ల మార్కర్‌తో చిన్న సిలువ గుర్తు.

యేసుకుమార్ పని అది. రిపేర్ పూర్తిగా తృప్తిగా అయితేనే గీసేవాడు. అనుమానం ఉన్న వస్తువు మీద, డబ్బులిస్తామన్నా, గీసేవాడు కాదు. "ప్రభువు పేరు పెట్టాక వాపసు రాకూడదురా ఫిన్నీ" అనేవాడు.

అంటే యేసుకుమార్ వాళ్లిచ్చిన పురుగు ఎక్కించలేదు. మంచి ఫర్మ్‌వేరే ఎక్కించి పంపాడు. వాళ్లకది తెలిసింది. చంపారు. ఇప్పుడు కాపలా ఉన్న గదిలోకి పురుగుని మోసుకెళ్లడానికి వాళ్లకి ఒకడు కావాల్సొచ్చాడు. పర్మిషన్ ఉన్నవాడు. ఫిన్నీ.

అతనికి కోపం రాలేదు. భయం రాలేదు. కార్డు మళ్లీ స్లాట్‌లో పెట్టి, ఖాళీ చేతులతో వెనక్కి జరిగాడు.

"ఫ్లాష్ చెయ్యండి ఫిన్నీ గారూ." వేదశ్రీ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది, పూర్ణచంద్రరావు కణతకి ఆనింది. తుపాకీ పట్టుకుని కూడా 'గారూ' మానలేదు. పెంపకం అలాంటిది.

"ఏందమ్మా ఇది!" పూర్ణచంద్రరావు తువ్వాలు జారిపోయింది. "నా రిటైర్‌మెంటు ఇంకా కాలేదు!"

"యేసుకుమార్‌కి సూది గుచ్చింది నువ్వేనా?" అడిగాడు ఫిన్నీ, బస్సు టైము అడిగినట్టు.

"నేను కాదండీ. హెల్మెట్ నా జుట్టుకి పడదు. కూర్చోండి. కంప్యూటర్ ఆన్ చెయ్యండి. ఎంటర్ నొక్కండి."

ఫిన్నీ కూర్చున్నాడు. పెన్‌డ్రైవ్ నుంచి నల్లతెర మీద డాస్ వచ్చింది. కమాండ్ టైప్ చేశాడు. కార్డులో ఉన్న ఫర్మ్‌వేర్‌ని ముందు చెరుపుతారు, ఆ తర్వాతే కొత్తది రాస్తారు. ఆ రెంటి మధ్య ఒక ఊపిరంత సందు ఉంటుంది. టేబుల్ కింద, యూపీఎస్‌కి తగిలించిన స్పైక్ బస్టర్ ఎర్రగా వెలుగుతోంది. ఇంట్లో వంగలేక కాలి బొటనవేలితో స్విచ్ ఆపే అలవాటు ఫిన్నీకి చిన్నప్పటి నుంచీ ఉంది. బూట్లుంటే కుదిరేది కాదు. చప్పుడయ్యేది.

ఎంటర్ నొక్కాడు.

ఎరేజింగ్. చుక్కలు పడుతున్నాయి. తలుపుల అవతల కాలవ హోరు వినిపిస్తోంది. వేదశ్రీ కళ్లు తెర మీదే ఉన్నాయి. ఆఖరి చుక్క పడింది. ప్రోగ్రామింగ్ అన్న మాటలో మొదటి అక్షరం కనిపించిందో లేదో, ఫిన్నీ బొటనవేలు స్విచ్ మీద నొక్కింది.

తెర చచ్చిపోయింది. కార్డు కూడా.

వేదశ్రీ ఆ నల్లతెర వైపు నోరు తెరిచి చూసింది. ఆ క్షణం చాలు. ఫిన్నీ ఆమె మణికట్టు పట్టుకుని పైకి విరిచాడు. గుండు సీలింగ్ ఫ్యాన్ రెక్కకి తగిలింది. పోలీసు కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు, గుమ్మం దగ్గర ఆగి, అలవాటుగా ఒక బూటు విప్పబోయాడు.

"అదలా ఉంచి రావయ్యా ముందు!" అరిచాడు పూర్ణచంద్రరావు.

సంకెళ్లు పడ్డాక వేదశ్రీ నవ్వింది. "కార్డు చంపేశారుగా. ఇప్పుడు తలుపులెలా ఎత్తుతారండీ? మీకు తెరే లేదు."

"అబద్ధం చెప్పే తెర కంటే ఇదే నయం" అన్నాడు ఫిన్నీ.

పూర్ణచంద్రరావు అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు. "ఒరే ఇశ్రాయేలూ! హ్యాండిల్ పట్రా. అవును, తుప్పుదే. నీతోపాటు ఎంతమందుంటే అంతమందిని తీసుకురా." కాలవ తలుపులు చూసుకునే లస్కరు ఇశ్రాయేలు కాలనీలోంచి మనుషుల్ని తీసుకొచ్చాడు. వానలో తలా ఒక చెయ్యేసి మిగులు తలుపుల్ని చేత్తో తిప్పి ఎత్తారు. ఫిన్నీ కూడా వట్టికాళ్లతోనే హ్యాండిల్ పట్టాడు. అరచేతుల చర్మం లేచిపోయింది. ఎవరో చూపించేదాకా తెలియలేదు. నీళ్లు గట్టు అంచుని నాకి, ఆగి, డ్రెయిన్ వైపు తిరిగాయి.

సాయంత్రం అతను తెరేసమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె గుమ్మంలోనే చేతుల నెత్తురు చూసింది. "ఏంది నాయనా ఇది? నువ్వూ మావాడి కంపెనీవాడివేగా? కూర్చో, పసుపు పెడతా. వాడు రాలేదేం?"

ఫిన్నీ చెప్పాడు. గుండెపోటు అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె లోపలికెళ్లి పసుపు డబ్బా తెచ్చి మూత తీసింది.

"ఇవాళ నీళ్లు ఇంట్లోకి రాకుండా ఆపింది మావాడా?"

"అవును పెద్దమ్మా."

"మరి ఆ ముక్క మీవాళ్లెవరైనా వచ్చి నలుగుర్లో చెప్తారా?"

ఫిన్నీ చేతులు చాచాడు. ఆమె అతని కుడిచేతికి పసుపు అద్దుతుంటే మొదటిసారి మంట పుట్టింది.

జవాబు చెప్పాల్సింది మీరు. అందుకే అడుగుతున్నాం. చనిపోయినవాడు మీవాడని తెరేసమ్మ గుమ్మం ముందు, కాలనీ అంతా వింటుండగా చెప్పండి. ఆ ముసలి పెట్టెని రేపే పీకేయండి, డెల్టాలో అలాంటివి ఇంకెన్నున్నాయో అన్నిటినీ పీకేయండి. నాచు పట్టిన మెట్లు కడిగించి, వరద రోజుల్లో గేజి దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. కొత్త కంప్యూటర్‌కి సంతకం పెట్టడానికి వర్జ్యం అడ్డొస్తే చెప్పండి, పూర్ణచంద్రరావు గారు మంచి ముహూర్తం చూసిపెడతారు.